మాగబెట్టిన చేదు

ముప్ఫయ్యేళ్లకు పైగా బడిలో పద్యాలు, వ్యాకరణం చెప్పి విశ్రాంతి తీసుకున్న తెలుగు పండితుడు బీరు చరిత్ర వ్రాయడమేమిటని బ్లాగుమిత్రులలో కొందరికి అనిపించవచ్చు. ఆ పానీయంతో నాకు పరిచయం లేదు. నాకు పరిచయమున్నది చేదు అనే రుచితోనే. షడ్రసాలలో తిక్తమంటే చేదు, కటువంటే కారం. ఈ రెండింటినీ తారుమారు చేసి వ్రాసే పిల్లలను ప్రతి ఏడాదీ దిద్దవలసి వచ్చేది. మిగిలిన అయిదు రుచులనూ మనిషి కోరి తింటాడు. చేదును మాత్రం ఔషధమనో, ఉగాది అనో, ఏదో ఒక కారణం చెప్పుకొని గాని నోట పెట్టుకోడు. అటువంటి రుచిని ఒక ఖండమంతా తన నిత్యపానీయంలోకి కోరి ఎందుకు తెచ్చుకున్నది? తెచ్చుకున్న చేదు మరీ ఎక్కువైనప్పుడు దాన్ని ఎలా దారికి తెచ్చుకున్నది? ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు. సీసాలో పోసి, బిరడా బిగించి, ఆగారు. మామిడికాయను గడ్డిలో వేసి మాగబెట్టినట్టు చేదును చీకటిలో మాగబెట్టారు. ఈ ఓపిక ఎవరిదన్న దగ్గరే చరిత్రలో ఒక చిక్కున్నది. లోకంలో ప్రచారంలో ఉన్న కథ దాన్ని ఒక లండను వ్యాపారికీ, హిందూ మహాసముద్రానికీ కట్టబెట్టింది. నాకు తెలిసినంతలో అది ఇళ్ల నేలమాళిగలలో, గృహస్థుల చేతుల్లో పుట్టిన విద్య.

మొదట చేదు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాము. బార్లీగింజలను మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీటిలో నానబెడితే తీయని కషాయం దిగుతుంది. దాన్ని మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపితే పులిసి మద్యమవుతుంది. ఇంతవరకు చేదన్నది లేదు. పూర్వం ఇంగ్లండులో తాగిన ఏల్ అనే పానీయం ఇదే. దానిలో రుచికి ఏవేవో ఆకులు వేసేవారు. హాప్ అనేది ఒక తీగె. దాని ఆడపూలు చిన్న పొలుసుల మొగ్గల్లా ఉండి, లోపల పచ్చని పుప్పొడివంటి జిగురు పదార్థం ఉంటుంది. చేదంతా ఆ జిగురులోనిదే. 822లో ఫ్రాన్సులోని కోర్బీ మఠాధిపతి అడల్హార్డ్ వ్రాయించిన నిబంధనలలో బీరు కోసం హాప్‌లు సేకరించే ప్రస్తావన ఉన్నది. 12వ శతాబ్దంలో జర్మనీలోని సన్న్యాసిని హిల్డెగార్డ్ తన వైద్యగ్రంథంలో ఈ పూల చేదు పానీయాలను చెడిపోకుండా కాపాడుతుందని గుర్తించింది. చూడండి, రుచి కోసమని ఆమె చెప్పలేదు, నిల్వ కోసమని చెప్పింది. చేదు కాపలాదారుగా వచ్చింది.

ఇంగ్లండుకు ఈ హాప్ బీరు సముద్రం దాటి హాలండు, ఫ్లాండర్స్ వైపునుంచి వచ్చి, 15వ శతాబ్దంలో అక్కడ స్థిరపడింది. చాలాకాలం ఏల్ వేరు, బీరు వేరు అన్నారు. చేదున్నది బీరు, లేనిది ఏల్. 1574లో హాప్ తోటల పెంపకం మీద పుస్తకం వ్రాసిన రెనాల్డ్ స్కాట్ ఒక లెక్క చెప్పాడు. ఒక బుషెలు మాల్టుతో ఏల్ అయితే 8, 9 గాలన్లు మాత్రమే వస్తుందట. హాప్‌లు వేస్తే 18, 20 గాలన్ల మంచి బీరు తీయవచ్చునట. కారణం తేలికగానే అర్థమవుతుంది. చేదులేని ఏల్ నిలవాలంటే మద్యసారం గాఢంగా ఉండాలి, అందుకు మాల్టు ఎక్కువ కావాలి. హాప్‌ల చేదు పుల్లబరచే సూక్ష్మజీవులను అణచిపెడుతుంది గనుక పలుచని బీరు కూడా నిలుస్తుంది. గృహిణికి ఇది మాల్టు ఆదా.

మన కల్లుతో పోల్చుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. తెల్లవారుజామున చెట్టునుంచి దించిన తాటికల్లు తీయగా ఉంటుంది. ఎండ ముదిరేసరికి పులుస్తుంది. మరునాటికి అది తాగేందుకు పనికిరాదు. కల్లుకు కాలం శత్రువు. హాప్ వేయని ఏల్‌కూ, ఇంత వేగంగా కాకపోయినా, అంతే. హాప్‌లు పడ్డాక కథ మారింది. ఎంత ఎక్కువకాలం నిలవాలనుకుంటే అంత ఎక్కువ చేదు వేయాలి. అంత చేదు వేస్తే వెంటనే నోట పెట్టుకోలేము. కాబట్టి ఆగి తీరాలి. ఆగిన కొద్దీ చేదు మెత్తబడుతుంది. నిల్వ కోసం చేదు, చేదు కోసం నిల్వ. ఈ రెండూ ఒకదానికొకటి అప్పుపడినట్టు కుదిరాయి.

ఈ కుదురుబాటుకు పరాకాష్ఠ అక్టోబరు బీరు. కోతలు ముగిసి, కొత్త మాల్టు, కొత్త హాప్‌లు చేతికి వచ్చి, వాతావరణం చల్లబడిన నెలలో గ్రామీణ భూస్వాముల ఇళ్లలో ఏడాదికంతటికీ మేలైన బీరు కాచేవారు. మాల్టు మెండుగా, హాప్‌లు దండిగా వేసిన ఆ బీరును పీపాలో ఏడాది, ఆపైన సీసాలలో మరికొంతకాలం ఉంచి గాని తాగేవారు కారు. దాని పేరుప్రతిష్ఠలు ఎంతటివంటే, 1710 ప్రాంతాన ఇంగ్లండు పార్లమెంటులోని టోరీ పల్లెటూరి పెద్దమనుషుల బృందానికి అక్టోబరు క్లబ్బు అనే పేరు ఆ బీరువల్లనే వచ్చింది. కొన్ని పెద్ద ఇళ్లలో వారసుడు పుట్టిన రోజున గాఢమైన బీరు కాచి, ఆ పిల్లవాడికి 21 ఏళ్లు నిండిన నాడు పీపా తెరిచే ఆచారం ఉండేది. ఇరవయ్యొక్క ఏళ్లు! మనవారు మనుమడి పేర కొబ్బరిమొక్క నాటినట్టు వారు బిడ్డ పేర చేదును దాచారు.

సీసా విషయంలో ఒక సరదా కథ ఉన్నది. 16వ శతాబ్దంలో లండను సెయింట్ పాల్ చర్చి పెద్ద అలెగ్జాండర్ నోవెల్‌కు చేపల వేట అంటే ఇష్టం. ఒకసారి ఏటిగట్టున ఏల్ సీసాను గడ్డిలో మరచి వచ్చాడట. కొన్ని రోజుల తరువాత దొరికిన ఆ సీసా బిరడా తీయగానే తుపాకి పేలినట్టు మ్రోగిందట. 1662లో అచ్చయిన థామస్ ఫుల్లర్ పుస్తకం ఈ కథ చెప్పి, సీసా ఏల్ పుట్టుక ఇదేనేమోనన్నది. నిజమెంతైనా, ఒక సంగతి ఇందులో ఉన్నది. సీసాలో మిగిలిన ఈస్టు చావదు. మిగిలిన చక్కెరను తింటూ, బొగ్గుపులుసు గాలిని పుట్టిస్తూ, లోపల పని చేస్తూనే ఉంటుంది. సీసా బీరు మూతపడిన తరువాత కూడా బ్రతికివున్న వస్తువు.

ఇక ప్రచారంలో ఉన్న కథకు వద్దాము. లండను తూర్పున బౌ అనే చోట 1752లో మొదలైన చిన్న బీరు కార్ఖానా జార్జ్ హాడ్జ్‌సన్‌ది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు అక్కడికి దగ్గర. ఓడ కప్తానులకు సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది. వారు తమ ఖాతాలో సరుకులు వేసుకుని వచ్చి కలకత్తా, మద్రాసు, బొంబాయిలలో అమ్ముకునేవారు. హాడ్జ్‌సన్ వారికి 12 నుంచి 18 నెలల వరకు అరువిచ్చాడు. 1793 నాటికి కలకత్తా పత్రికా ప్రకటనలలో అతని పేరు కనబడుతుంది. సి.పి. బ్రౌను దొర 1817లో మద్రాసులో దిగేనాటికి ఈ దేశంలోని తెల్లవారి భోజనాల బల్లమీద హాడ్జ్‌సన్ అన్నది దాదాపు బీరుకు పర్యాయపదం. ఉత్తర సర్కారులు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే గనుక మచిలీపట్నం, విశాఖపట్నం కంపెనీ కొలువులకు కూడా దొరల సరుకు మద్రాసు నుంచే చేరేది.

కథ చెప్పేదేమిటంటే, మామూలు బీరు భారతదేశపు ప్రయాణంలో పాడైపోతుంటే హాడ్జ్‌సన్ బుర్ర పెట్టి ఆలోచించి, హాప్‌లు అమితంగా దట్టించి, ఇండియా పేల్ ఏల్ అనే కొత్తరకం బీరు కనిపెట్టాడని. మార్టిన్ కార్నెల్ అనే బీరు చరిత్రకారుడు పాత పత్రికలు, పుస్తకాలు గాలించి ఈ కథ నిలవదని చూపాడు. ఆయన చూపిన ఆధారాలు సూటిగా ఉన్నాయి. హాడ్జ్‌సన్ పుట్టి పెరగక ముందునుంచే బీరు ఈ దేశానికి చేరుతూనే ఉన్నది. నల్లని పోర్టరు బీరు కూడా చక్కగా వచ్చేది. కంపెనీ సామాన్య సిపాయిలైన తెల్లవారు ఎక్కువగా తాగినది ఆ పోర్టరే. వేడిదేశాలకు పంపే బీరులో హాప్‌లు ఎక్కువ వేయాలన్న సలహా 1760 దశకంలోనే కార్ఖానాలవారికి తెలుసు. తాను కొత్తరకం కనిపెట్టానని హాడ్జ్‌సన్ చెప్పుకున్న దాఖలా ఒక్కటీ లేదు. పైగా 1822లో కలకత్తాలో వెలువడిన ఒక ప్రకటన హాడ్జ్‌సన్ పేల్ ఏల్‌ను అసలైన అక్టోబరు బీరుగా పేర్కొని అమ్మజూపింది.

అక్టోబరు! ఆ ఒక్క మాటలో గుట్టంతా విడిపోతుంది. సముద్రమెక్కి వచ్చినది పల్లెటూరి ఇళ్లలో ఏడాది, రెండేళ్లు మాగబెట్టి తాగిన ఆ పాతబీరే. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు కూడా తరువాత వచ్చినదే. 1829 నాటి సిడ్నీ పత్రికలో ఈస్టిండియా పేల్ ఏల్ అన్న మాట కనబడుతుంది. వస్తువు ముందు, పేరు వెనుక.

మరి సముద్రం చేసిందేమిటి? ఓడ గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నుంచి ఆరు నెలలకు ఇక్కడికి చేరేది. 54 గాలన్ల పీపాలు ఓడ గర్భంలో ఊగుతూ, వేడెక్కుతూ, చల్లబడుతూ వచ్చేవి. వేడి పెరిగిన కొద్దీ రసాయన క్రియల వేగం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెండింతలో మూడింతలో అవుతుందన్నది స్థూలసూత్రం. ఇంగ్లండు నేలమాళిగ చల్లదనంలో రెండేళ్లకు జరిగే పని ఉష్ణమండలపు ఓడలో కొద్ది నెలలకే జరిగిపోయింది. రేవులో దిగిన పీపాలను ఇక్కడే సీసాలలో నింపి, అమ్మి, సురేకారం కలిపిన నీళ్లలో సీసాలు తిప్పి చల్లబరచి తాగేవారు. చేదు మెత్తబడి, నురగ తేలి, గాజులా తేటపడిన ఆ పానీయాన్ని చూసి కలకత్తావారు మెచ్చుకున్నారు. సముద్రం కొత్త విద్య ఏదీ నేర్పలేదు. పాత విద్యను తొందరపెట్టింది, అంతే.

హాడ్జ్‌సన్ వారసులకు గర్వం పెరిగింది. 1820 దశకం మొదట్లో కప్తానులకు అరువు మానివేసి, ధర పెంచి, తామే నేరుగా అమ్మబోయారు. కంపెనీ డైరెక్టరు క్యాంబెల్ మార్జరీబ్యాంక్స్ 1822లో బర్టన్ పట్టణపు బీరు వ్యాపారి శామ్యూల్ ఆల్సప్‌ను కలిసి, నీవు ఆ బీరును చేసి చూడరాదా అన్నాడు. రష్యా సుంకాలు పెంచడంతో ఆల్సప్ అప్పటికే ఆ దేశపు బేరం పోగొట్టుకుని ఉన్నాడు. అతని మాల్టు పనివాడు జాబ్ గుడ్‌హెడ్ మొదటి నమూనాను టీపాట్‌లో కాచాడని కథగా చెప్పుకుంటారు. 1823లో ఆల్సప్ బీరు ఇండియాకు బయలుదేరింది, వెనుకనే బాస్ కంపెనీ వచ్చింది. బర్టన్ బావినీటిలో జిప్సం ఎక్కువ. ఆ నీటిలో హాప్ చేదు నాలుకమీద అంటుకోకుండా, స్ఫుటంగా పలుకుతుంది. బౌ బీరుకు కాలం చెల్లింది. వ్యాపారులు ఒకరి తరువాత ఒకరు వచ్చారు, పోయారు. వారందరూ వాడుకున్న మూలధనం మాత్రం ఒక్కటే: గట్టిగా చేదు వేసి, ఆగడం.

ఇప్పుడు సీసాలోపల ఏమి జరుగుతుందో చూద్దాము. అమెరికాలో ఉంటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు అక్కడ ఇంట్లో బీరు కాచుకుంటాడు. "మాస్టారూ, ఈసారి హాప్‌లు ఎక్కువ పడి విషమైపోయింది. పారబోయనా, ఆర్నెల్లు అటకమీద పెట్టనా?" అని ఫోనులో అడిగాడు. వాడు ఇంజనీరు గనుక రసాయనశాస్త్రం వాడే నాకు చెప్పాడు. చరిత్ర నేను వాడికి చెప్పాను. ఆ సంభాషణలో నాకు తెలిసివచ్చినవి ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

హాప్ జిగురులో ఆల్ఫా ఆమ్లాలనేవి ఉంటాయి. నీటిలో కరగవు. కషాయంలో గంటసేపు మరిగితే అణువు ఆకృతి మారి ఐసో-ఆల్ఫా ఆమ్లాలవుతాయి. బీరు చేదు ప్రధానంగా వీటిదే. ఇవి సిస్, ట్రాన్స్ అని రెండు రూపాలలో ఏర్పడతాయి. వ్యాకరణంలో ఒకే ధాతువుకు రెండు రూపాలున్నట్టనుకోండి. ట్రాన్స్ రూపం నిలకడలేనిది, నెలల్లోనే విరిగిపోవడం మొదలుపెడుతుంది. సిస్ రూపం ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే మాగిన బీరులో చేదు తగ్గుతుంది, పూర్తిగా పోదు. చేదుతోపాటు ఉండే వగరు వేరు. మాల్టు పొట్టునుంచి, హాప్ రేకులనుంచి వచ్చే ఆ వగరు పదార్థాలు మాంసకృత్తులతో పెనవేసుకుని మెల్లగా అడుగున పేరుకుంటాయి. సీసా పైభాగం తేటపడుతుంది, నాలుక మీద గరుకుతనం తగ్గుతుంది. ఇక మాల్టు తీపి కాలక్రమాన ఎండుద్రాక్షను తలపించే రుచిగా మారి, మిగిలిన చేదుకు జోడు నిలుస్తుంది. చేదు తరగడం సగం, తక్కిన రుచులు పెరిగి దానితో సరితూగడం సగం.

పూర్వపు నేలమాళిగలలో మరొక సహాయకుడు ఉండేవాడు. 1904లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లౌసెన్, ఇంగ్లండు పాతబీర్లకు వాటి ప్రత్యేకమైన రుచి ఒకానొక ఈస్టువల్ల వస్తున్నదని ప్రకటించి దానికి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. బ్రిటిషు శిలీంధ్రమని అర్థం. మామూలు ఈస్టు తినలేని చక్కెరలను ఇది నెలల తరబడి నెమ్మదిగా తింటుంది. పీపా చెక్క సందులలో కాపురముండే ఈ జీవి పేరు తెలియకుండానే ఆ గృహస్థులు తరతరాలుగా దానితో పని చేయించుకున్నారు.

అన్ని చేదులూ మాగవు. ఇది కూడా చెప్పాలి. నేటి ఇండియా పేల్ ఏల్‌లలో చాలావాటికి ప్రాణం హాప్ సువాసన. నారింజ, మామిడి వంటి ఆ వాసనలు చేదుకంటే ముందే ఎగిరిపోతాయి. వాటిని దాచితే చేదు తగ్గేలోపు ప్రాణం పోతుంది. పలుచని బీరుకు దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు. మాల్టు గాఢంగా ఉన్నదే ఏళ్లకు నిలుస్తుంది. సీసాలోకి గాలి ఎక్కువ పోతే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. వెలుతురు తగిలితే ఆ చేదు ఆమ్లాలే విరిగి దుర్గంధమవుతాయి. సీసాలు ముదురు గోధుమరంగులో ఉండడానికి కారణమదే. వేడి పని తొందరపెడుతుంది గాని చెడునూ అంతే తొందరపెడుతుంది. అందుచేత చల్లని చీకటిచోటు, నిలబెట్టిన సీసా, రెండు నెలలకొకటి తెరిచి రుచి చూసి తేదీతో వ్రాసిపెట్టుకోవడం. మా విద్యార్థికి ఇంతకంటే గొప్ప రహస్యమేదీ చెప్పలేకపోయాను. ఇది ఏ అక్టోబరు ఇంటి గృహిణికైనా తెలిసిన సంగతే.

తెలిసిన సంగతి ఎలా మరుగున పడింది? నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఈ భాగమే. ఇంటి బీరు ఒకప్పుడు వంటవంటిది. చాలా ఇళ్లలో ఆడవారి పని. అమ్మకపు బీరుకు సుంకం ఉండేది గాని ఇంటివాడకానికి కాచుకున్న బీరుకు నేరుగా సుంకం లేదు. కాని మాల్టుమీద 1697నుంచి పన్ను పడింది. 1821లో విలియం కాబెట్ పేదల గృహనిర్వహణ మీద పుస్తకం మొదలుపెట్టి, మొదటే బీరు కాచడం ఎలాగో వివరించాడు. నలభై ఏళ్లలో కూలివారి ఇళ్లలో ఆ విద్య దాదాపు అంతరించిందనీ, మాల్టు పన్నూ టీ అలవాటూ కలిసి దాన్ని చంపాయనీ అతని ఆవేదన. టీని అతడు తిట్టిన తిట్లు నేటి మనకు నవ్వు తెప్పిస్తాయి గాని, ఇంటి విద్య ఇల్లు విడిచి పోతున్నదన్న అతని గోడు నవ్వుకోదగినది కాదు.

1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను తీసివేసి బీరుమీద పన్ను వేశాడు. వ్యాపారులకు అది సౌకర్యమయింది. ఇంట్లో కాచుకునేవారు మాత్రం లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. ఆ నాటికే ఇతర కారణాలూ కూడివచ్చాయి. 1869లో సూయజు కాలువ తెరుచుకుని ఇండియా దారి కుదించుకుపోయింది. మంచుయంత్రాలు వచ్చాయి. వెంటనే అమ్మి వెంటనే డబ్బు చేసుకునే బీరు ముందు, ఏళ్లతరబడి పీపాలలో పెట్టుబడిని కట్టిపడేసే పాతబీరు వ్యాపారికి భారమయింది. ఇంటివాడు కాచడం మానాడు, వ్యాపారి ఆగడం మానాడు. నిల్వ కోసం పుట్టిన చేదు నిల్వ పోయిన తరువాత కూడా రుచిగా మిగిలిపోయింది. కాపలా కాయవలసిన ఇల్లు లేకపోయినా కాపలాదారు మాత్రం గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

అదే 1880లో థామస్ హార్డీ తన ది ట్రంపెట్ మేజర్ నవలలో తన ఊరి గాఢమైన బీరును నోరూరేలా వర్ణించాడు. 1968లో, హార్డీ మరణించిన నలభయ్యేళ్లకు, డార్చెస్టర్‌లోని ఎల్డ్రిడ్జ్ పోప్ కంపెనీ ఆ వర్ణనను ఆధారం చేసుకుని అతని పేర ఒక బీరు చేసి, సంవత్సరం ముద్రించిన సీసాలలో పోసి, 25 ఏళ్లు దాచుకోవచ్చునని చెప్పి అమ్మింది. 1869లో బాస్ కంపెనీ తన భాగస్వాముల ఇంట ర్యాట్‌క్లిఫ్ అనే బిడ్డ పుట్టినందుకు కాచిన బీరు సీసాలు 2006లో బర్టన్ నేలమాళిగలో బయటపడ్డాయి. 137 ఏళ్ల ఆ బీరు తాగదగినదిగానే ఉన్నదని తేలింది. పుట్టిన బిడ్డ పేర కాచే పాత ఆచారానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదు.

ఇళ్లకు ఆ విద్య తిరిగి రావడానికి చట్టాలే మళ్లీ మారవలసి వచ్చింది. 1963లో బ్రిటిషు ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఇంటి బీరుకు లైసెన్సు ఎత్తివేశాడు. అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసినా, ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడాన్ని అనుమతించిన ఫెడరల్ చట్టం బీరును విడిచిపెట్టింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ లోపం తీరింది. పెద్దలు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు. మళ్లీ అక్టోబరే! అయినా చట్టం అనుమతినివ్వగలదు గాని తెగిన పరంపరను అతకలేదు. అమ్మమ్మ చేతినుంచి రావలసిన జ్ఞానం సిస్, ట్రాన్స్ అనే మాటలు వెంటబెట్టుకుని ప్రయోగశాల చుట్టుదారిన రావలసి వచ్చింది.

మన సంప్రదాయంలోనూ మాగబెట్టే విద్య ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం సురాధ్యక్షుని ప్రకరణంలో మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాలు చెప్పింది. ఆసవారిష్టాలు ఆయుర్వేదంలో నేటికీ నిలిచివున్నాయి. చేదు, వగరు మూలికల కషాయంలో బెల్లమో తేనెయో వేసి, ధాతకీ పుష్పాలు చేర్చి, కుండకు మూతిపెట్టి మెత్తి, నెలో పక్షమో కదపకుండా ఉంచుతారు. ఆసవాలు పాతబడిన కొద్దీ గుణవంతమవుతాయని శార్ఙ్గధర సంహిత చెబుతున్నది. దశమూలారిష్టం సీసా మన ఇళ్లలో ఉండే ఉంటుంది. చేదును కాలానికి అప్పగించడమనే ఊహ ఒక్క ఇంగ్లండు సొత్తే కాదు. అయితే ఇది చదివి ఎవరూ ఇక్కడ కుండ పెట్టవద్దు సుమా. మన రెండు రాష్ట్రాలలోనూ 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం.

చరిత్రలో పేరు సీసామీది చీటీకి దక్కుతుంది. హాడ్జ్‌సన్, ఆల్సప్, బాస్ అనే పేర్లు ఆ చీటీలమీద ఉన్నాయి గనుక మనకు తెలుసు. ఏ చీటీ లేని సీసాలను నేలమాళిగలో వరుసగా పేర్చి, ఈ ఏడు కాదు వచ్చే ఏడు తెరుద్దామని చెప్పిన ఇల్లాలి పేరు ఏ పత్రికా ప్రచురించలేదు. ఆమె దాచిన బీరే కలకత్తా చేరింది, మద్రాసు చేరింది, ప్రపంచమంతా ఒక పేరుతో నిలిచింది. మన ఇళ్లలో పాత చింతపండు, పాత బియ్యం, మాగాయ జాడీ దాచి, ఎప్పుడు తీయాలో చూపుతోనే చెప్పిన పెద్దవారి తెలివి కూడా ఇటువంటిదే. అది పుస్తకాలకెక్కేలోపు చేతులు మారిపోతున్నది. అడిగి తెలుసుకునేందుకు వారింకా ఉన్న ఇళ్లవారు అడిగి వ్రాసిపెట్టుకోండి. ఏ జాడీ ఎంతకాలం ఆగాలో ఆ జాడీ మనకు చెప్పదు.